తాతగారి జపాన్ కత్తి, మరికొన్ని ప్రశ్నలు

పాత వస్తువుల సేకరణ మీద నడిచే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో జపాన్ కత్తుల గురించి అడిగినవే ఎక్కువ. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారు మద్రాస్ సాపర్స్ దళంలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లారు. 1945లో తిరిగి వస్తూ ఒక జపాన్ కత్తి తెచ్చారు. దానికి ఖాకీ రంగు వేసిన లోహపు ఒర, గోధుమ రంగు తాడు అల్లిన పిడి ఉన్నాయి. పిడి కాస్త వదులైంది. కత్తి మీద అక్కడక్కడ తుప్పు మచ్చలు కనిపిస్తున్నాయి. ఊళ్లో పాలిష్ పట్టే ఆయన మిషను మీద పెట్టి అద్దంలా చేసి ఇస్తానంటున్నారు. ఇవ్వమంటారా? ఇది ఎంత పాతదో, విలువ గలదో కాదో ఎలా తెలుసుకోవాలి?
(విజయనగరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దయచేసి ఇవ్వకండి. జపాన్ కత్తి విలువ చాలావరకు దాని ఉపరితలంలోనే ఉంటుంది. వాదర వెంట తెల్లగా, కాస్త మసకగా సాగే గీతను హమోన్ అంటారు. పాయనం పట్టి, అంటే కాల్చి నీట ముంచి గట్టిపరచిన ఉక్కుకూ, మెత్తగా మిగిలిన ఉక్కుకూ అది సరిహద్దు. మిషను చక్రం మీద పెడితే ఆ గీత కనిపించకుండా పోతుంది, కత్తి పక్కల నిడుపునా తీరుగా ఉండే గట్టు గుండ్రబడిపోతుంది, రాపిడి వేడికి వాదర పాయనమే దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. జపాన్‌లో ఈ పనికి ప్రత్యేకంగా ఏళ్ల తరబడి శిక్షణ పొందిన నిపుణులు ఉన్నారు. వారు గరుకు రాయితో మొదలుపెట్టి క్రమంగా నున్నని రాళ్లకు మారుతూ, నీళ్లతో, చేత్తోనే రోజుల తరబడి సానపడతారు. అంత జాగ్రత్తగా చేసినా ప్రతి సానకూ కొంత ఉక్కు అరిగిపోతుంది కాబట్టి, ఒక కత్తి తన జీవితకాలంలో తట్టుకోగల సానలు కొన్నే. వాటిలో ఒకదాన్ని వృథా చేసే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మరో సంగతి ముందే చెప్పాలి. కత్తులు కూడా మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తాయి. వారసత్వంగా వచ్చినది కాబట్టి, మీ జిల్లాలో ఆయుధాల లైసెన్సులు చూసే కార్యాలయానికి వెళ్లి దాని పరిస్థితి ఏమిటో రాతపూర్వకంగా తేల్చుకోండి. తాతగారి సైనిక సేవకు సంబంధించిన కాగితాలు, కత్తితో దిగిన పాత ఫొటో వంటివి ఉంటే జాగ్రత్తగా కలిపి ఉంచండి. అవి చట్టానికీ పనికొస్తాయి, కత్తి చరిత్రకూ పనికొస్తాయి.

ఇక గుర్తించడం సంగతి. ఆ యుద్ధంలో జపాన్ సైన్యం వాడిన కత్తులలో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది సార్జెంటు స్థాయి వారికి సైన్యమే ఇచ్చిన 1935 నమూనా. దీని కత్తి మిషను మీద తయారైంది, దాని మీదనే క్రమసంఖ్య కొట్టి ఉంటుంది. పిడిని చాలావరకు అల్యూమినియంతో పోతపోసి, పైన తాడు అల్లినట్టు కనిపించేలా రంగు వేశారు. రెండోది 1934, 1938 నమూనాలకు చెందిన అధికారుల కత్తి. దాని పిడి మీద నిజమైన అల్లిక ఉంటుంది, ఇత్తడి సామగ్రి మీద చెర్రీ పూలు చెక్కి ఉంటాయి. మీరు రాసిన వివరాలను బట్టి మీది ఈ రెండో రకం కావచ్చు. అయితే అసలు విశేషం ఇక్కడే ఉంది. అధికారులు కత్తిని తమ సొంత డబ్బుతో కొనుక్కునేవారు. అందువల్ల ఆ ఖాకీ ఒరలో కర్మాగారపు ఉక్కుతో చేసి నూనెలో ముంచి గట్టిపరచిన చవక కత్తి ఉండవచ్చు, ఆ కాలపు కమ్మరి సంప్రదాయ పద్ధతిలో చేసిన మంచి కత్తి ఉండవచ్చు, లేదా ఇంట్లో తరతరాలుగా వచ్చిన నాలుగైదు వందల ఏళ్ల కత్తికి సైనిక ఒర, పిడి తొడిగించి యుద్ధానికి తెచ్చుకున్నదీ ఉండవచ్చు. బయటి సామగ్రిని చూసి లోపలి కత్తి వయసు చెప్పడం సాధ్యం కాదు.

దాన్ని తేల్చేది పిడిలోకి దిగి ఉండే భాగం. జపాన్ వారు దాన్ని నకగో అంటారు. పిడికి అడ్డంగా ఒక చిన్న వెదురు సీల ఉంటుంది. దాన్ని మెత్తని చెక్క పుల్లతోనో ఇత్తడి పుల్లతోనో సన్నని వైపు నుంచి మెల్లగా తట్టి బయటికి తీయండి. తరువాత కత్తిని మొన పైకి, వాదర అవతలికి ఉండేలా కాస్త వాలుగా పట్టుకుని, ఎడమ చేత్తో పిడి అడుగున బిగించి, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో మెల్లగా గుద్దితే కత్తి పిడిలోంచి కొద్దికొద్దిగా పైకి జారుతుంది. బిగుసుకుపోయి రాకపోతే సుత్తి, పటకారు వాడకండి, కొన్నాళ్లు ఆగి మళ్లీ ప్రయత్నించండి. పిల్లలు దగ్గర లేకుండా, కింద మందపాటి దుప్పటి పరచుకుని ఈ పని చేయండి.

నకగో బయటపడ్డాక మొదట చూడవలసింది తుప్పు రంగు. వందల ఏళ్ల నకగో ముదురు గోధుమ లేదా నల్లని ఛాయలో, చేతికి నున్నగా, పొడి రాలకుండా ఉంటుంది. యుద్ధకాలపు దాని మీద లోహం ఇంకా తెల్లగా కనిపిస్తూ, పైన పలచని ఎర్ర తుప్పు ఉంటుంది. కమ్మరి నకగో మీద చెక్కిన సంతకం ఉంటే, దాని దగ్గర చిన్న ముద్ర ఉందేమో చూడండి. కత్తుల తయారీకి పేరుపడిన సెకి పట్టణపు పరిశ్రమ ముద్రలు ఉంటే అది దాదాపు ఖాయంగా సంప్రదాయేతర పద్ధతిలో చేసిన యుద్ధకాలపు కత్తి. నక్షత్రపు ముద్ర ఉంటే సైన్యం గుర్తింపు పొందిన కమ్మరి పని, అది మేలైన రకం. సీల కోసం ఒకటికి మించి రంధ్రాలు ఉండడం, నకగో అడుగు మొండిగా తెగినట్టు ఉండడం కనిపిస్తే, పాత పొడవాటి కత్తిని ఎవరో తరువాతి కాలంలో కురచ చేసి వాడుకున్నారని అర్థం. ఆకురాయితో గీసిన గీతల వాలు కూడా కమ్మరి వంశాన్ని బట్టి మారుతుంది. ఇన్ని సంగతులు ఆ తుప్పు మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి నకగోను తోమకండి, నిమ్మరసం పూయకండి, ఇసుక కాగితం దగ్గరికి కూడా రానివ్వకండి. తుప్పు వదిలించిన నకగో తన వయసుకు ఉన్న సాక్ష్యాన్ని పోగొట్టుకున్నట్టే, మళ్లీ తెచ్చిపెట్టడం ఎవరి తరమూ కాదు.

కత్తి భాగం మీది తుప్పు మచ్చలకు ప్రస్తుతానికి పలచగా నూనె రాసి ఆపండి. నకగోను రెండు వైపులా, పక్కనుంచి పడే వెలుతురులో, కొలబద్ద పక్కన పెట్టి ఫొటోలు తీయండి. కత్తి మొత్తం ఆకారం, మొన, హమోన్ విడివిడిగా తీయండి. ఏ నిపుణుడైనా మొదట అడిగేవి అవే. ఒకవేళ అది యుద్ధకాలపు కర్మాగారం కత్తి అని తేలితే సానకు జపాన్ పంపాలన్న ఆలోచన మానుకోండి. అటువంటివి అక్కడి చట్టం ప్రకారం నమోదు కావు, సరిహద్దు దగ్గరే స్వాధీనం చేసుకుంటారు. పాత కత్తి అని తేలినా తొందరపడకండి. వందేళ్లు దాటిన పురావస్తువులను వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని మన 1972 నాటి చట్టం నిషేధిస్తుంది కాబట్టి భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వారిని ముందు సంప్రదించాలి.

ప్రశ్న: ఒక పరిచయస్తుడు జపాన్ కత్తి అమ్ముతానంటున్నాడు. నకగో మీద మసమునే అని సంతకం ఉందట, జపాన్ ప్రభుత్వ కార్డు కూడా ఉందట. నమ్మవచ్చా? కార్డు, సర్టిఫికెట్ ఒకటేనా?
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సంతకం ఉంది కాబట్టే మరింత అనుమానించాలి. మసమునే కామకురా నగరంలో 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో పనిచేసిన కమ్మరి. ఆయన సంతకం ఉన్న కత్తులు బహు అరుదు. ఆయనవిగా నిపుణులు ఒప్పుకున్నవాటిలో ఎక్కువ భాగం సంతకం లేనివే. తరువాతి శతాబ్దాలలో ప్రభువులు ఒకరికొకరు, దేశాన్ని ఏలే సైనికాధిపతి అయిన షోగున్‌కూ కత్తులు కానుకలుగా ఇచ్చే ఆచారం బలపడింది. గొప్ప పేరున్న కత్తికి గిరాకీ పెరిగింది, దానితోపాటు మామూలు కత్తుల మీద గొప్ప పేర్లు చెక్కడమూ పెరిగింది. కాబట్టి దొంగ సంతకం ఉన్నంత మాత్రాన కత్తి ఈ కాలపు నకలు అని అర్థం కాదు, కత్తి నిజంగా మూడు నాలుగు వందల ఏళ్లది అయి, సంతకం మాత్రం అబద్ధం కావచ్చు. ఎచిజెన్ ప్రాంతం నుంచి ఎడో నగరానికి (నేటి తోక్యో) వచ్చి, కవచాల పని వదిలి కత్తులు చేసిన కోతెత్సు పేరు మీద ఉన్న దొంగ సంతకాలకైతే లెక్కే లేదు.

అనుభవజ్ఞులు సంతకాన్ని చివర చూస్తారు. జపాన్‌లో కత్తులను పరిశీలించే సమావేశాలలో నకగోను కప్పి ఉంచి, మిగతా కత్తిని చూసి కమ్మరి ఎవరో చెప్పమంటారు. నేర్చుకోవడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. మొదట ఆకారాన్ని బట్టి కాలాన్ని అంచనా వేస్తారు. గుర్రం మీది యోధుల కోసం చేసిన పాత తాచి కత్తుల వంపు పిడి దగ్గర లోతుగా ఉండి, మొన చిన్నదిగా, కత్తి పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. 1336 నుంచి 1392 వరకు సాగిన రెండు రాజసభల కాలంలో కత్తులు మహా పొడవుగా, వెడల్పుగా, పెద్ద మొనతో వచ్చాయి. వాటిలో చాలావాటిని తరువాత కురచ చేశారు, అందుకే సంతకాలు పోయాయి. 1660ల నాటివి దాదాపు నిటారుగా, మొన వైపు బాగా సన్నబడుతూ ఉంటాయి. ఆకారం తరువాత, మడిచి కొట్టిన ఉక్కు రేకుల తీరు, హమోన్ తీరు చూసి యమతో, యమషిరో, బిజెన్, సోషు, మినో అనే అయిదు సంప్రదాయాలలో ఏదో తేల్చుకుంటారు. ఇదంతా ఒక కమ్మరి వైపు చూపించాక నకగో విప్పుతారు. సంతకం అందుకు సరిపోతే సంతోషం, సరిపోకపోతే కత్తి మాటే నమ్మాలి.

ఇక కాగితాలు. మీ పరిచయస్తుడు ప్రభుత్వ కార్డు అంటున్నది తోరోకుషో కావచ్చు. అది రాష్ట్ర స్థాయి విద్యా మండలి ఇచ్చే నమోదు పత్రం. కత్తి పొడవు, వంపు, రంధ్రాల సంఖ్య, సంతకం మీద ఏ అక్షరాలు కనిపిస్తున్నాయో అవి దానిలో రాస్తారు. సంతకం నిజమైనదని అది ఎక్కడా చెప్పదు. నమోదు చేయడానికీ, నిజమని నిర్ధారించడానికీ తేడా తెలియక మోసపోయినవారు చాలామంది ఉన్నారు. పైగా కత్తిని చట్టబద్ధంగా జపాన్ నుంచి బయటికి తెచ్చేటప్పుడు ఆ కార్డును తిరిగి అప్పగించాలి. కత్తి ఇక్కడ, కార్డు కూడా ఇక్కడే అంటే ఆ కార్డు ఈ కత్తిది కాకపోవచ్చు, లేదా ఎగుమతి సక్రమంగా జరిగి ఉండకపోవచ్చు. మీ పరిచయస్తుడిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

నాణ్యతను నిర్ధారించే పత్రాలు వేరు. వాటిలో అందరూ ఒప్పుకునేవి 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గ సంరక్షణ సంఘం ఇచ్చేవి. కింది నుంచి పైకి హోజోన్, తోకుబెత్సు హోజోన్, జూయో, తోకుబెత్సు జూయో అని నాలుగు మెట్లు. దొంగ సంతకం అని వారు భావిస్తే పత్రం ఇవ్వరు. 1982కు ముందు ఇదే సంఘం తెల్లని, ఆకుపచ్చని కాగితాల మీద వేరే పత్రాలు ఇచ్చేది. వాటిలో, ముఖ్యంగా పెద్ద పేర్లకు ఇచ్చినవాటిలో కొన్నింటిని కొనుగోలుదారులు ఈ రోజు నమ్మరు, కొత్తగా పరీక్ష చేయించమంటారు. పత్రం మీద నకగో బొమ్మ ఉంటుంది. రంధ్రాల చోటు, ఆకురాయి గీతలు, సంతకంలోని ప్రతి ఉలి గాటు చేతిలో ఉన్న నకగోతో సరిపోతున్నాయో లేదో భూతద్దంతో పోల్చండి. ఒక కత్తి పత్రాన్ని మరో కత్తికి అంటగట్టడం ఈ రంగంలో పాత ఎత్తే.

మసమునే మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. షోగున్ల వంశమైన తొకుగవా వారి దగ్గర ఉండి, 1939లో జాతీయ సంపదగా గుర్తింపు పొందిన హోంజో మసమునే అనే కత్తిని 1945 డిసెంబరులో తోక్యోలోని మెజిరో పోలీస్ స్టేషన్‌లో అప్పగించారు. తరువాత అది ఎటు పోయిందో ఈనాటికీ తేలలేదు. ఎక్కడ మసమునే సంతకం కనిపించినా అదే ఇదని కథలు పుడుతూ ఉంటాయి. దీనికి భిన్నంగా, యుద్ధం తరువాత మాయమైన కునిమునే అనే కమ్మరి చేసిన తాచి అమెరికాలో వాల్టర్ కాంప్టన్ అనే సేకరణకర్త చేతికి చేరింది. అది కాగొషిమాలోని తెరుకుని ఆలయానిదని తెలిసిన తరువాత, డబ్బు తీసుకోకుండా 1963లో తిరిగి ఇచ్చేశారు. నాకు తెలిసిన సేకరణకర్తలలో ఆయన మీద ఉన్న గౌరవం ఇంకెవరి మీదా లేదు.

ప్రశ్న: ఇక్కడ వేలంలో ఎడో కాలపు (17 నుంచి 19వ శతాబ్దం దాకా) కత్తి కొనాలనుకుంటున్నాను. ఏ లోపాలను సహించవచ్చు, ఏ లోపం ఉంటే వదిలేయాలి?
(అమెరికా, న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వదిలేయవలసిన లోపాలలో మొదటిది హగిరె, అంటే వాదరకు అడ్డంగా, హమోన్ లోపల ఏర్పడిన సన్నని పగులు. వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది కాబట్టి ఎదురుగా చూస్తే కనిపించదు. ఒకే ఒక దీపం వెలుతురులో, మొన నుంచి మొదలుపెట్టి, కత్తిని అటూ ఇటూ వాలుస్తూ, వాదర వెంట అంగుళం అంగుళం చూడాలి. ఒక కోణంలో నల్లని గీతలా మెరిసి మరుక్షణం మాయమవుతుంది. వేలం సంస్థలు పంపే ఫొటోలలో ఇది కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు, చేతిలోకి తీసుకుని చూడడానికి వీలు లేకపోతే పరిస్థితి గురించి రాతపూర్వకంగా అడిగి, కొనకుండా ఉండే హక్కును నిలుపుకోండి.

రెండోది, మొనలో హమోన్ లేకపోవడం. మొన విరిగిన కత్తిని అరగదీసి కొత్త మొన తీర్చితే గట్టిపడిన భాగం అంతా పోయి ఉంటుంది. మూడోది, అగ్నిప్రమాదంలో పాయనం పోయిన కత్తిని మళ్లీ కాల్చి నీట ముంచడం. చరిత్రలో ప్రసిద్ధికెక్కిన కొన్ని కత్తులకు ఇలా జరిగినా వాటిని భద్రపరచుకున్నారు, కానీ మామూలు కత్తికి ఇది జరిగితే సేకరణ విలువ దాదాపు పోయినట్టే. పిడి దగ్గర వాదర నుంచి మసక నీడ ఏటవాలుగా పైకి పోతూ ఉంటే దీన్ని అనుమానించాలి, అయితే ఆ నీడ ఉన్న ప్రతి కత్తీ అలాంటిది కాదు.

రేకుల మధ్య చిన్న చీలికలు, ఉబ్బులు, వాదర మీద చిన్న గాట్లు మాత్రం కాలాన్ని, స్థానాన్ని బట్టి తూచవలసినవి. 14వ శతాబ్దపు కత్తిలో ఒక చీలికను క్షమించవచ్చు, 1800 నాటి కత్తిలో అదే చీలికకు ధర తగ్గించమని అడగాలి. పదే పదే సానపట్టడం వల్ల పై ఉక్కు అరిగి, లోపలి మెత్తని ఇనుము మందమైన మచ్చలుగా బయటపడితే ఆ కత్తి అలసిపోయిందంటారు. అది ఏ గొప్ప కమ్మరిదైనా కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు తీసుకోకూడదు. సాన లేని కత్తిని చవగ్గా కొని సానపట్టిద్దామనే ఆలోచన ఉంటే ముందు లెక్క వేసుకోండి. సాన, కొత్త చెక్క ఒర, లోహపు పట్టీ కలిపితే అయ్యే ఖర్చు చాలాసార్లు ఆ కత్తి ధరను మించిపోతుంది. పొడవు రెండు షకు, అంటే సుమారు 60.6 సెంటీమీటర్లు దాటితే కతానా, ఒక షకు దాటి ఆ లోపు ఉంటే వకిజషి. అదే కమ్మరి, అదే నాణ్యత అయినా వకిజషి బాగా తక్కువకు వస్తుంది. తొలి కొనుగోలుకు పత్రం ఉన్న ఆరోగ్యమైన వకిజషి కన్నా మంచిది నాకు తోచదు.

ప్రశ్న: మన కోనసముద్రం ఉక్కుతో చేసిన కత్తుల మీద నీళ్ల అలల్లాంటి చారలు ఉంటాయని చదివాను. జపాన్ కత్తుల మీది చారలు కూడా అవేనా?
(నిజామాబాద్ నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: చూపుకు దగ్గరగా ఉన్నా పుట్టుక పూర్తిగా వేరు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఉక్కును మూసలో మూతవేసి కరిగించి, చాలా నెమ్మదిగా చల్లార్చేవారు. 1820లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వోయ్సీ ఆ ఊరు చూసి రాసినప్పుడు అక్కడికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి ఉక్కు కొనేవారు. ఆ ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. తక్కువ వేడి మీద జాగ్రత్తగా సాగగొట్టినప్పుడు కార్బైడు కణాలు వరుసలు తీరి, ఆమ్లం పూసినప్పుడు ఆ అలలుగా కనిపిస్తాయి. అంటే చారలు ఉక్కు ముద్దలోనే ఉన్నాయి.

జపాన్‌లో ఉక్కు పూర్తిగా కరగదు. షిమానె ప్రాంతంలోని ఒకుఇజుమోలో ఇనుప ఇసుకను, బొగ్గును తతర అనే మట్టి కొలిమిలో మూడు రాత్రులు, మూడు పగళ్లు కాలుస్తారు. ఒక్క విడతకు సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు పోస్తే రెండున్నర టన్నుల ముద్ద వస్తుంది. దానిలోని మేలైన ముక్కలే తమహగనె. యుద్ధం తరువాత ఆగిపోయిన ఈ పనిని 1977లో కళాఖడ్గ సంరక్షణ సంఘమే మళ్లీ మొదలుపెట్టింది, ఈనాటి కమ్మరులకు ఉక్కు ఎక్కువగా అందుతున్నది అక్కడి నుంచే. ఆ ఉక్కు ముక్కముక్కకూ తేడాగా, మురికితో ఉంటుంది కాబట్టి కమ్మరి దాన్ని పది పదిహేను సార్లు మడిచి కొడతాడు. మురికి సమ్మెట దెబ్బలకు రాలిపోతుంది, కర్బనం సమంగా సర్దుకుని వాదర దగ్గర 0.6, 0.7 శాతానికి వస్తుంది. కత్తి మీద చెక్క నరాల్లా కనిపించేది ఈ మడతల గుర్తు. దాన్ని చూడటానికి ఆమ్లం అక్కరలేదు, మంచి సాన చాలు.

హమోన్ మాత్రం కోనసముద్రం కత్తులకు లేనిది. కమ్మరి కత్తికి బంకమట్టి పూస్తాడు, వెన్ను మీద మందంగా, వాదర మీద పలచగా. కొలిమిలో కాల్చి నీటిలో ముంచినప్పుడు పలచని చోట వేగంగా చల్లారి గాజులా గట్టిపడుతుంది, మందంగా ఉన్నచోట మెత్తగా మిగులుతుంది, వాదర వైపు ఉక్కు వ్యాకోచించి కత్తి వెనక్కి వంగుతుంది. జపాన్ కత్తి వంపులో చాలా భాగం ఆ కొన్ని క్షణాలలో ఏర్పడేదే. కొనేవారికి ఇది నేరుగా పనికొచ్చే విషయం. ఇంటర్నెట్‌లో అమ్మే నకిలీలకు హమోన్‌ను ఆమ్లంతోనో తీగ బ్రష్‌తోనో గీస్తారు. దాని అంచు బొమ్మ గీసినట్టు చదునుగా ఉంటుంది. నిజమైన హమోన్ అంచున దీపం వెలుతురు పడగానే సన్నని మెరుపు రవ్వలు, వాటి వెనుక మసక పొర కనిపిస్తాయి, కత్తిని కదిపితే వాటి లోతు మారుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ విభాగానికి వెళ్లినప్పుడు అద్దం ముందు కాస్త వంగి, దీపం ప్రతిబింబం వాదర మీద పడే కోణంలో చూడటం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా యొకొహామాలో ఉంటున్నాను. ఇక్కడ ఒక కత్తి కొని, గుంటూరులో మా ఇంట్లో పెట్టుకోవాలని ఉంది. విధానం ఏమిటి?
(జపాన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: జపాన్‌లో కొనడం సులభం. అక్కడ నమోదు కత్తికే గాని మనిషికి కాదు, కాబట్టి మీకు ప్రత్యేక లైసెన్సు అవసరం లేదు. తోరోకుషోతో పాటు కత్తిని తీసుకుని, 20 రోజుల లోపల యజమాని మారినట్టు ఆ పత్రం ఇచ్చిన విద్యా మండలికి తెలియజేయాలి. దేశం దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల సంస్థ నుంచి అనుమతి తీసుకోవాలి, నమ్మకమైన దుకాణదారులు ఆ పని తామే చేసిపెడతారు. జాతీయ సంపదగా, ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించినవి దేశం దాటవు.

కష్టమంతా మన వైపే ఉంది. ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం దిగుమతికి లైసెన్సు కావాలి. అది చేతిలో లేకుండా విమానం ఎక్కితే కత్తి కస్టమ్స్ గదిలో ఉండిపోతుంది, మీ మీద కేసు కూడా పడవచ్చు. లైసెన్సు వచ్చేదాకా కొనుగోలు వాయిదా వేయమనే నా సలహా. ఈలోగా త్సుబా సేకరించండి. పిడికీ కత్తికీ మధ్య ఉండే ఈ లోహపు బిళ్లలు వాటంతట అవే ఒక గొప్ప కళ. ఇనుము మీద బంగారం, వెండి, రాగి మిశ్రమాలు పొదిగి కొంగలను, వానను, నాగళ్లను చెక్కిన పనివారు వాటి మీద సంతకాలు చేశారు, వాటికీ సంఘం పత్రాలు ఇస్తుంది, వాటికి వాదర లేదు.

మీరు ఉన్న చోటు మాత్రం ఏ సేకరణకర్తకైనా అదృష్టమే. ర్యోగొకులోని ఖడ్గ మ్యూజియం, తోక్యో జాతీయ మ్యూజియం మీకు రైలు దూరంలో ఉన్నాయి. ఒకయమా వైపు వెళ్తే ఒసఫునెలోని మ్యూజియం తప్పక చూడండి. అక్కడి సెతొఉచి పట్టణం యమతొరిగె అనే బిజెన్ కత్తిని తమ ప్రాంతానికి తిరిగి తెచ్చుకోవడానికి ప్రజల విరాళాలతో నిధి కూడగట్టి, 2020లో 50 కోట్ల యెన్‌లకు కొన్నది. ఏటా తోక్యోలో దుకాణదారులంతా కలిసి పెట్టే దై తోకెన్ ఇచి సంతలో వందల కత్తులు చేతిలోకి తీసుకుని చూడనిస్తారు. అక్కడ మర్యాదలు పాటించండి. కత్తిని అందుకునేముందు తల వంచండి, ఒర నుంచి తీసేటప్పుడు వాదర పైకి ఉంచండి, కత్తి మీదకు వంగి మాట్లాడకండి, వేలితో ముట్టుకోకండి, నకగో చూడాలనుకుంటే అడిగి విప్పించుకోండి.

ప్రశ్న: గోదావరి గాలికి ఇనుము నిలవదు. మా దగ్గర ఉన్న కత్తికి కొబ్బరినూనె రాస్తున్నాం, సరిపోతుందా?
(రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కొబ్బరినూనె కొన్నాళ్లకు ముక్కిపోయి ఆమ్లంగా మారి మచ్చ పెడుతుంది, మానేయండి. జపాన్ వారు కత్తుల కోసం వాడే లవంగం వాసన గల పలచని నూనె గాని, కమేలియా నూనె గాని తెప్పించుకోండి. పాత నూనెను మెత్తని కాగితంతో వెన్ను వైపు నుంచి పట్టుకుని మొన దిశగా తుడిచి, అవసరమైతే శుద్ధమైన ఆల్కహాలుతో మరోసారి తుడిచి, కొత్త నూనెను కనిపించీ కనిపించనంత పలచగా రాయండి. పాత నూనెను వదిలించడానికి కత్తికి తెల్ల పొడి అద్దే పద్ధతి సరిగా నేర్చుకోకుండా చేస్తే సానను గీరుతుంది కాబట్టి దాని జోలికి వెళ్లకండి. వానాకాలంలో నెలకోసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకోసారి చూస్తే చాలు. నకగోకు నూనె రాయవలసిన అవసరం లేదు. కత్తిని రంగు వేయని చెక్క ఒరలో, అడ్డంగా, వాదర పైకి ఉండేలా, గోడకు తగలని బీరువా అరలో ఉంచి తాళం వేయండి.